లొకేషన్ ఎక్కడండీ బాబూ?

కిందటి సంచికలో ఒక్క లైను వేశాం, ఇష్టమైన సీరియల్ తీసిన చోటు చూడ్డానికి ఫ్రెండ్స్‌తో వెళ్ళాలనుకునేవాళ్ళు ఏమైనా అడగండి, తెలిసింది చెబుతాం అని. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మన విశాఖ నుంచే. పేర్లు వేయొద్దని కొందరు అన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, పేటల పేర్లతో సరిపెట్టుకోండి. హీరోయిన్ కట్టిన చీర ఏ షాపులో దొరుకుతుందని అడిగినవాళ్ళకి మాత్రం ఇక్కడ జవాబు లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి

ప్రశ్న: మేం నలుగురం ఏయూలో కలిసి చదువుకున్నాం. ఇప్పుడు తలోచోట ఉద్యోగాలు, పిల్లలు కాలేజీలకొచ్చారు. చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన 'మాల్గుడి డేస్' అంటే నలుగురికీ ప్రాణం, మా వాట్సాప్ గ్రూప్ పేరు కూడా మాల్గుడే. ఆ వీధి, అందులో కుర్రాడు స్వామి వాళ్ళ ఇల్లు, ఆ అరుగులు ఒక్కసారి చూడాలని ఉంది. ఒకామె ఆగుంబె వెళ్దామంటోంది, ఇంకొకామె మైసూరు అంటోంది, మావారేమో లేని ఊరికి టికెట్లు ఎవరిస్తారని వెటకారం. ఆగస్టులో వరుసగా సెలవులున్నాయి. వెళ్ళొచ్చా?

జవాబు: మీవారన్నదాంట్లో సగం నిజం ఉంది. మాల్గుడి అనే ఊరు ఆర్.కె. నారాయణ్ కథల్లో తప్ప ఎక్కడా లేదు. కానీ 1986లో ఆ కథల్ని దూరదర్శన్ కోసం తీసిన శంకర్ నాగ్ ఊరిని గాల్లో కట్టలేదు కదా, ఎక్కువ భాగం కర్ణాటకలో శివమొగ్గ జిల్లా ఆగుంబెలో తీశారు, దానికి టికెట్లు బాగానే దొరుకుతాయని చెప్పండి. మైసూరు అంటున్న ఆవిడ కూడా తప్పేమీ అనలేదు, యాదవగిరిలో నారాయణ్ ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళు చూడాల్సిందే. అయితే మీ ఉత్తరంలో ఉన్నదంతా వీధి, అరుగులు, స్వామి. అంటే మీకు కావలసింది సీరియల్. ఆగుంబెకే వెళ్ళండి.

ఆగస్టులో మాత్రం వద్దు. విశాఖలో ఏడాది పొడుగునా పడే వాన వెయ్యి మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఆగుంబెలో ఏడు వేలు దాటుతుంది, అందులోనూ చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ వాన చూడ్డానికే వెళ్ళేవాళ్ళున్నారు, వాళ్ళని కాదనను. కానీ సీరియల్లో చూసిన వీధిని వెతుక్కుంటూ వెళ్ళే మీకు ఆ మంచులో ఎదురింటి గుమ్మం కూడా సరిగ్గా కనపడదు, చెట్లలోకి నాలుగడుగులు వేస్తే కాళ్ళకి జలగలు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో ఫోటో అంటే అయ్యే పని కాదు. దసరా వెళ్ళాక, ఫిబ్రవరి లోపు ఎప్పుడైనా పెట్టుకోండి.

అక్కడ మీరు చూడాల్సింది 'దొడ్డమనె'. స్వామి ఇల్లుగా చూపించింది దాన్నే. మన పాత మండువా లోగిళ్ళు ఎరిగినవాళ్ళకి ఆ ఇల్లు కొత్తగా అనిపించదు, చేతులు తగిలి తగిలి నున్నబడిన చెక్క స్తంభాలు, నడిమధ్య ఆకాశం కనపడే వాకిలి, చల్లటి నేల. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, అది మ్యూజియం కాదు. మనుషులు ఉంటున్న ఇల్లు. వచ్చినవాళ్ళని ఆదరించడం, ఇంత కషాయం ఇవ్వడం ఆ ఇంటి అలవాటు, అలాగని చెప్పాపెట్టకుండా నలుగురు దిగిపోయి గదులన్నీ తిరిగేస్తే బాగోదు. ముందు కబురు పెట్టండి, గుమ్మం దగ్గర ఆగి అడగండి, లోపలి గదుల్లోకి వాళ్ళు రమ్మంటేనే వెళ్ళండి, భోజనం పెడితే వచ్చేటప్పుడు మర్యాదగా ఎంతో కొంత చేతిలో పెట్టి రండి, వాళ్ళు అడగరు.

ఇక రైల్వే స్టేషన్. చాలామంది ఆగుంబెలోనే స్టేషన్ కూడా ఉంటుందనుకుంటారు, ఆ కొండ మీద రైలే లేదు. సీరియల్లో మాల్గుడి స్టేషన్‌గా కనిపించింది శివమొగ్గ నుంచి తాళగుప్ప వెళ్ళే లైన్లో ఉన్న అరసాలు. పాత స్టేషన్ కట్టడాన్ని రైల్వేవాళ్ళు బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. కాబట్టి మీ ట్రిప్‌లో శివమొగ్గ మధ్యలో పెట్టుకోవాలి, ఒక రోజు అరసాలుకి, మర్నాడు తీర్థహళ్ళి మీదుగా ఆగుంబెకి. విశాఖ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు, అక్కడ రాత్రి బండి పట్టుకుంటే శివమొగ్గ. తాళగుప్ప దాకా పోయే బండ్లలో కొన్ని అరసాలులో ఆగవు, టికెట్ తీసేముందు అది చూసుకోండి. తిరుగు ప్రయాణంలో ఓపికుంటే ఉడుపి వైపు దిగండి, ఆ ఘాట్ రోడ్డులో 14 హెయిర్‌పిన్ మలుపులు, వాంతులయ్యేవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

బయల్దేరేముందు ఒక సాయంత్రం నలుగురూ ఒకరింట్లో కూర్చుని ఓ రెండు ఎపిసోడ్లు మళ్ళీ చూడండి. చూసి, ఒక్కొక్కరు ఒక్క సీన్ చెప్పండి, ఇది నేను ఆ చోట నిలబడి చూడాలి అని. నాలుగు సీన్లు చాలు. నలభై చోట్ల లిస్టు రాసుకుని వెళ్ళినవాళ్ళు కారు దిగడం, సెల్ఫీ, కారు ఎక్కడం, ఇంతే చేసి వస్తారు, వచ్చాక ఏది ఎక్కడో వాళ్ళకే గుర్తుండదు.

పెందుర్తి నుంచి

ప్రశ్న: రోజూ రాత్రి వచ్చే ఒక తెలుగు సీరియల్లో ఆ పెద్ద బంగళా, మెట్లు, ముందు తోట, ఎంత బాగుంటాయో. వచ్చే నెల హైదరాబాద్‌లో పెళ్ళికి మా వీధి ఆడవాళ్ళం ఆరుగురం వెళ్తున్నాం. ఆ ఇల్లు చూడొచ్చా?

జవాబు: చూస్తే బాధపడతారమ్మా. బయటి గేటు, తోట ఒక ఇంటివి, లోపల హాలు, మెట్లు ఇంకోచోట వేసిన సెట్టు, వంటగది అదే సెట్టులో మూడు గోడలతో ఓ మూల. హైదరాబాద్‌లో ఇలాంటి పనులకే అద్దెకిచ్చే షూటింగ్ హౌసులు చాలా ఉన్నాయి. ఈ సీరియల్లో అత్తగారిల్లు, ఆ సీరియల్లో విలన్ ఇల్లు, యాడ్‌లో డాక్టర్‌గారి ఇల్లు, మూడూ ఒకటే అయినా ఆశ్చర్యం లేదు, కర్టెన్లు మారుస్తారు అంతే. గేటు బయట వాచ్‌మన్ మిమ్మల్ని లోపలికి పోనివ్వడు, పెళ్ళి బట్టల్లో ఎండలో నిలబడాలి. ఆరుగురూ సరదాగా గడపాలంటే రామోజీ ఫిల్మ్ సిటీకి టికెట్ కొనుక్కుని వెళ్ళండి, రోజంతా కావాలి. 1996 నుంచి ఉన్న స్టూడియో, ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్‌కి ఎక్కింది, ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషన్, వీధులు అన్నీ సెట్లే అని తెలిసే చూస్తారు కాబట్టి మోసపోయినట్టుండదు. ఆ రోజు మీ సీరియల్ షూటింగే కళ్ళబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

మద్దిలపాలెం నుంచి

ప్రశ్న: సార్, మేం ఫైనలియర్ కుర్రాళ్ళం, ఏడుగురం. హిందీ సిరీస్ 'పంచాయత్' నాలుగు సీజన్లూ రెండేసి సార్లు చూశాం. సెమిస్టర్ అయ్యాక ఫులేరా వెళ్ళి ఆ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని టీ తాగాలని ప్లాన్. బలియాకి విశాఖ నుంచి డైరెక్ట్ ట్రైన్ ఉందా?

జవాబు: బలియాకి టికెట్లు తీయకముందే అడిగారు, బతికిపోయారు. కథలో ఫులేరా ఉత్తరప్రదేశ్‌లో బలియా జిల్లాలో ఉంది. కెమెరా పెట్టింది మాత్రం మధ్యప్రదేశ్‌లో, భోపాల్ పక్కనున్న సీహోర్ జిల్లాలో మహోడియా అనే పల్లెలో. రెండింటికీ మధ్య ఓ రాత్రి రైలు ప్రయాణమంత దూరం. మీరు బలియాలో దిగి ఫులేరా ఎక్కడని అడిగితే అక్కడివాళ్ళు నవ్వుతారు, బహుశా మీలాంటివాళ్ళని ఇదివరకే చూసుంటారు కూడా.

మనకి భోపాల్ సులువే. సమతా ఎక్స్‌ప్రెస్ రాయగడ, రాయపూర్, నాగపూర్ మీదుగా వెళ్తుంది, ఏపీ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్తుంది, రెండూ భోపాల్‌లో ఆగుతాయి. భోపాల్ నుంచి సీహోర్ నలభై కిలోమీటర్లలోపే, బస్సులుంటాయి, ఉజ్జయిని వైపు పోయే రైళ్ళూ ఉంటాయి. అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఆటో మాట్లాడుకోవాలి. ఏడుగురికి రెండు ఆటోలు తప్పవు.

మీరు టీ తాగాలనుకుంటున్న ఆ ఆఫీసు సెట్టు కాదు, మహోడియా గ్రామపంచాయతీ భవనమే. అంటే పనిదినాల్లో అక్కడికి పెన్షన్ కోసం, సర్టిఫికెట్ కోసం నిజంగా పనున్న మనుషులు వస్తుంటారు. సచివ్ జీ, అంటే పంచాయతీ కార్యదర్శి, కుర్చీలో కూర్చుని ఫోటో దిగాలని లోపలికి దూసుకుపోకండి, ఆ కుర్చీ మనిషికి కూడా పై అధికారులుంటారు. బయట అరుగు మీద కూర్చోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు, చెబితే లేవండి. ఊళ్ళో టీ కొట్టు ఉంటే అక్కడే తాగండి, వాటర్ బాటిల్, బిస్కెట్ పాకెట్ కూడా అక్కడే కొనండి, మీవల్ల ఆ ఊరికి అందే లాభం అదొక్కటే. ఖాళీ సీసాలు బ్యాగులో వేసుకుని రండి. సిరీస్‌లో సర్పంచ్ ప్రధాన్ జీ లెక్కన ఎవరైనా సొరకాయ ఇస్తే కాదనకుండా పుచ్చుకోండి.

ఇంకోమాట, ఏడుగురిలో హిందీ బాగా వచ్చినవాడు ఒక్కడైనా ఉండాలి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసినవాళ్ళు ఏడుగురూ వెళ్తే ఆటో బేరం దగ్గరే కథ ముగుస్తుంది. డబ్బులు సరిపోకపోతే బాధపడకండి, ఇదే కథ 2025లో తెలుగులో 'సివరపల్లి'గా వచ్చింది, ఏడుగురూ ఒక గదిలో కూర్చుని చూసుకోవచ్చు, అద్దె కట్టిన గదే కదా.

సీతమ్మధార నుంచి

ప్రశ్న: మేం లొకేషన్ చూడ్డానికి వెళ్తున్న సీరియల్ మా ఐదుగురిలో ఒకడు ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు, అయినా వస్తానంటున్నాడు. తీసుకెళ్ళాలా?

జవాబు: పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఉంటుంది, అయినా తీసుకెళ్ళండి. ఫోటోలు తీసేవాడు ఒకడు కావాలి. సీరియల్ మొత్తం తెలిసినవాడు అందరి ఫోటోల్లో తానుండాలనుకుంటాడు, తెలియనివాడు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి ఓపిగ్గా తీస్తాడు. కాకపోతే రైల్లో మీరు నలుగురూ మాట్లాడుకునే డైలాగులకి నవ్వాలో వద్దో తెలియక వాడు కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాడు, అది గమనించి అప్పుడప్పుడూ క్రికెట్ మాట్లాడండి.

గాజువాక నుంచి

ప్రశ్న: మా అమ్మాయి, దాని ఇద్దరు స్నేహితురాళ్ళు, ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి, ముగ్గురికీ కొరియన్ సీరియల్స్ పిచ్చి. స్విట్జర్లాండ్‌లో ఏదో సరస్సు ఒడ్డున చెక్కబల్లల మీద హీరో పియానో వాయించాడట, అక్కడికి వెళ్ళాలట. అదే ఊపులో కొరియా కూడా చూసొస్తారట. మేం సంబంధాలు చూస్తున్నాం, ఈలోపు వెళ్ళొస్తామంటున్నారు. పంపమంటారా?

జవాబు: సంబంధాల సంగతి నా కాలమ్‌లోది కాదమ్మా. ట్రిప్ సంగతి చెబుతాను.

ఆ సీరియల్ పేరు 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ', 2019 డిసెంబరు నుంచి 2020 ఫిబ్రవరి దాకా వచ్చింది. మీ అమ్మాయి చెప్పిన చోటు ఇజెల్ట్‌వాల్డ్, బ్రీన్జ్ సరస్సు ఒడ్డున ఉన్న పల్లె. ఊరి జనాభా నాలుగొందల చిల్లర, అంటే మన గాజువాకలో రెండు అపార్ట్‌మెంట్లు. సీరియల్ వచ్చి, కరోనా తగ్గి, విమానాలు తిరగడం మొదలయ్యేసరికి ఆ ఊరి మీద పడ్డారు జనం. ఊళ్ళోవాళ్ళకే బస్సులో చోటు లేకుండా పోయింది. చివరికి ఆ చెక్క రేవు మీదికి వెళ్ళాలంటే 5 ఫ్రాంకులు వేసి తిరిగే గేటు దాటేలా పెట్టారు, మన డబ్బుల్లో ఐదొందల పైమాటే. ఒడ్డున నిలబడి చూడ్డానికి ఏమీ కట్టక్కర్లేదు. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్ బయట 103 నంబరు బస్సెక్కితే అరగంట లోపే దింపుతుంది. మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్ళమనండి, టూరు బస్సులు ఇంకా రావు.

అక్కడ పియానో ఉండదు. ఇది ముందే చెప్పి పంపండి. నాలుగు చెక్కబల్లలు, పచ్చగా నీలంగా మెరిసే నీళ్ళు, ఎదురుగా కొండ, అంతే. అది చాలనిపించే పిల్లలైతే వాళ్ళకి పైసా వసూలు. ఇంకా కావాలంటే తూన్ సరస్సు పైన సిగ్రిస్విల్ దగ్గర వేలాడే వంతెన ఉంది, 340 మీటర్ల పొడవు, ఆ సీరియల్లో అదీ కనిపిస్తుంది, దాటాలంటే టికెట్టుంది. ఉత్తర కొరియాలో రైలు ఆగిపోయే సీన్ ఉంటుంది చూడండి, అది తీసింది మంగోలియాలో. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి, ఆ దేశం కూడా లిస్టులో చేరుస్తుంది.

కొరియా ఈ ట్రిప్‌లో కలపొద్దు. ఒకటి పడమటికి, ఒకటి తూర్పుకి, రెండు వీసాలు, రెండింతల విమానం ఖర్చు. విడిగా వెళ్తే 'గోబ్లిన్' సీరియల్లో హీరో హీరోయిన్లు కలిసే సముద్రపు గట్టు గాంగ్నంగ్ దగ్గర జుమున్‌జిన్ వైపు ఉంది, సియోల్ నుంచి కేటీఎక్స్ రైల్లో గాంగ్నంగ్ రెండు గంటలే. అదీ ఒట్టి సిమెంటు గట్టే, అయినా జనం వరుసలో నిలబడి ఫోటోలు దిగుతారు. మన ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నట్టే ఉంటుందని మీకనిపిస్తే ఆ మాట అమ్మాయితో అనకండి.

వీసా గురించి రెండు ముక్కలు. స్విట్జర్లాండ్‌కి కావలసిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి, వేసవిలో అయితే అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి ఆఖరు దాకా ఆగొద్దు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, రాకపోయినా తిరిగివ్వరు. ముగ్గురూ కలిసి వెళ్తున్నా ఎవరి దరఖాస్తు వారిదే, ఇద్దరికి వచ్చి ఒకరికి రాకపోవచ్చు. స్నేహాలు చెడేది అక్కడే. వీసాలు చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న హోటళ్ళే బుక్ చేయాలి, ఒకరికి రాకపోతే మిగిలిన ఇద్దరూ వెళ్ళాలా, మానాలా అన్నది ఇప్పుడే, ముగ్గురూ నవ్వుతూ ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. మీరు పక్కన కూర్చోకండి.

భీమిలి నుంచి

ప్రశ్న: మీరందరూ లొకేషన్లు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి చెబుతున్నారు, లొకేషన్‌లో ఉండేవాళ్ళ సంగతి ఏటండీ? మాది భీమిలిలో పాత పెంకుటిల్లు. ముందు పెద్ద అరుగు, నీలం తలుపులు. ఆమధ్య ఒక వెబ్ సిరీస్ వాళ్ళు కొన్ని రోజులు తీసుకున్నారు, డబ్బులిచ్చారు, మర్యాదగానే ఉన్నారు. అది విడుదలయ్యాక మొదలైంది గొడవ. ఆదివారం తెల్లారకుండానే గుంపులుగా వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. హీరో తన్నినట్టు మా తలుపు తన్ని వీడియోలు తీసుకుంటున్నారు. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఉలిక్కిపడి లేస్తున్నారు. గేటు పెట్టిద్దామంటే అరుగు అందం పోతుందని మావారు. ఏం చెయ్యాలి?

జవాబు: గేటు పెట్టించండి. మీవారికి ఈ కథ చదివి వినిపించండి.

అమెరికాలో 'బ్రేకింగ్ బ్యాడ్' అని 2008 నుంచి 2013 దాకా వచ్చిన సీరియల్ ఉంది, న్యూ మెక్సికోలో అల్బుకర్కీ అనే ఊళ్ళో తీశారు. అందులో హీరో కోపంతో పిజ్జా విసిరితే అది వెళ్ళి ఇంటి కప్పు మీద పడుతుంది. ఆ ఇల్లు సెట్టు కాదు, ఒక కుటుంబం ఉంటున్న ఇల్లు. సీరియల్ పెద్ద హిట్టయ్యాక అభిమానులు కారుల్లో వచ్చి, పిజ్జాలు కొనుక్కొచ్చి మరీ ఆ కప్పు మీదికి విసరడం మొదలుపెట్టారు. ఒకరోజా రెండ్రోజులా, ఏళ్ళ తరబడి. సీరియల్ సృష్టికర్త విన్స్ గిలిగన్ స్వయంగా 2015లో, ఇది తమాషా కాదు, ఆపండి అని చెప్పాల్సి వచ్చింది. ఆపలేదు. 2017లో ఆ ఇంటివాళ్ళు చుట్టూ ఎత్తైన ఇనుప కంచె కట్టుకున్నారు. సినిమావాళ్ళ మీద వాళ్ళకేం కోపం లేదు, మీకు లేనట్టే. తీసినవాళ్ళు నాలుగు రోజులుండి పోతారు, చూసినవాళ్ళు మాత్రం వస్తూనే ఉంటారు.

అరుగు అందం గురించి మీవారి బాధ నాకు అర్థమైంది. దారినపోయేవాళ్ళు కాసేపు కూర్చోవడానికే మనవాళ్ళు అరుగులు కట్టారు, నిజమే, తలుపు తన్నడానికైతే కట్టలేదు. నడుమెత్తు చెక్క గేటు పెట్టించండి, వీధిలోంచి అరుగు, తలుపు రెండూ కనపడతాయి, ఫోటో దిగేవాళ్ళు బయట నిలబడి దిగుతారు. గేటుకి తెలుగులోనే బోర్డు పెట్టండి: 'ఇది కాపురమున్న ఇల్లు. ఫోటోలు బయటి నుంచే. పొద్దున్న తొమ్మిది లోపు, రాత్రి వేళ రావద్దు.' బెదిరింపు మాటలు రాయకండి, ఆ బోర్డుకే రీల్ తీస్తారు. మళ్ళీ తన్నితే ఊరుకోకుండా 112కి ఫోన్ చేయండి, ఒక్కసారి పోలీసు జీపు వచ్చిపోతే ఆ కబురు కుర్రాళ్ళలో తొందరగా పాకుతుంది.

ఇంకెవరైనా షూటింగ్‌కి అడిగితే అద్దె ఎంతో మాట్లాడి ఊరుకోకండి. వీధి పేరు, ఇంటి నంబరు తెరమీద కనపడకూడదు, ప్రచారంలో ఇల్లెక్కడో చెప్పకూడదు అని కాగితం మీద రాయించుకోండి. తలుపు రంగు వాళ్ళ ఖర్చుతో మార్చి తీసి, అయ్యాక మళ్ళీ మీ రంగు వేసి పొమ్మనండి, అప్పుడు వెతికేవాళ్ళకి ఇల్లు దొరకదు. ఈ చిట్కా చాలామందికి తట్టదు.

ఇది చదువుతున్న భీమిలి యాత్రికులకి, ఆ ఊళ్ళో చూడ్డానికి ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు. గోస్తని సముద్రంలో కలిసే చోటుంది, డచ్చివాళ్ళ సమాధులున్నాయి, లైట్‌హౌస్ ఉంది. సమాధుల మీదెక్కి మాత్రం కూర్చోకండి, అవీ ఎవరివో కదా.

మధురవాడ నుంచి

ప్రశ్న: 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఫ్యాన్స్ మేం. ఐస్‌లాండ్‌లో ఆ నల్ల ఇసుక బీచ్‌కి వెళ్ళే డబ్బులు ఇప్పట్లో రావు, అదే టైపు షాట్ యారాడ దగ్గరో రుషికొండ పక్క బండల మీదో తీద్దామనుకుంటున్నాం. డ్రోన్ కూడా ఉంది. ఏ టైం బెస్ట్?

జవాబు: ముందు డ్రోన్ ఇంట్లో పెట్టండి. మనది నేవీ ఊరు, తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడే, ఎయిర్‌పోర్టు కూడా నేవీదే, అనుమతి లేకుండా డ్రోన్ లేపితే షాట్ సంగతి దేవుడెరుగు, స్టేషన్‌లో కూర్చోవాలి. డాల్ఫిన్స్ నోస్ వైపు మామూలు కెమెరాతో కూడా జాగ్రత్త, ఫోటో వద్దని బోర్డున్న చోట వద్దంతే.

ఆ నల్ల ఇసుక బీచ్ పేరు రేనిస్‌ఫ్యారా. ఆ సీరియల్ ఏడో సీజన్లో ఈస్ట్‌వాచ్ అనే చోటుగా చూపించింది దాన్నే. అందంతో పాటు ప్రాణాలు తీయడంలోనూ దానికి పేరుంది, చిన్న అలలు పదొచ్చి, పదకొండోది హఠాత్తుగా రెండింతల దూరం లోపలికొచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది, అందుకే అక్కడ హెచ్చరిక లైట్లు పెట్టారు. మన తీరం దానికేం తీసిపోదు. ఆర్కే బీచ్ నుంచి యారాడ దాకా ఏటా ఎంతమంది కుర్రాళ్ళు పోతున్నారో జిల్లా పేజీ చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నాచు పట్టిన బండ మీద సముద్రానికి వీపు పెట్టి ఫోటోకి నిలబడటమే వాటిలో చాలావాటికి మొదలు. ఫోటో తీసేవాడు ఫోన్లో మీ ముఖం చూస్తుంటాడు, అల చూడడు. బండలు వదిలేసి ఇసుకలో నిలబడండి, ఫోన్ నేలకి దగ్గరగా పెట్టి తీయమనండి, వెనక బండలు, కొండ వాటంతటవే ఎత్తుగా పడతాయి. సినిమావాళ్ళు చేసేదీ అదే.

అక్కయ్యపాలెం నుంచి

ప్రశ్న: ఒక సిరీస్‌లో హీరో, ఫ్రెండ్స్ ఆర్కే బీచ్‌లో కూర్చుని ఉంటే ఎదురుగా సముద్రంలో సూర్యుడు అస్తమిస్తుంటాడు. అదే ఫ్రేమ్ కోసం మేం ముగ్గురం చాలా సాయంత్రాలు వెళ్ళాం, కుదరడం లేదు. సరైన స్పాట్ ఎక్కడ?

జవాబు: తమ్ముడూ, వైజాగ్‌లో పుట్టి పెరిగి ఈ ప్రశ్నా! మన సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సూర్యుడు దిగేది మీ వీపు వెనక, ఊరి మీదికి. ఆ సిరీస్ వాళ్ళు తెల్లవారుజామున తీసి సాయంత్రం అని చూపించి ఉండాలి, లేదంటే ఆ ఒక్క షాటూ ఏ గోవాలోనో తీసి అతికించి ఉండాలి. ఆ సీన్ మళ్ళీ పెట్టి, సూర్యుడు కిందికి దిగుతున్నాడా, పైకి వస్తున్నాడా గమనించండి. పైకి వస్తుంటే పొద్దున్న తీసిందే. ఇంకో గుర్తు, వెనకాల వల లాగేవాళ్ళు, వాకింగ్ చేసే పెద్దవాళ్ళు కనపడితే అది పొద్దున్నే, మొక్కజొన్న పొత్తుల బండి, బజ్జీల బండి కనపడితే సాయంత్రం.

మీ ఫ్రేమ్ కావాలంటే చలికాలంలో పొద్దున్న ఐదున్నరకల్లా ఇసుకలో ఉండండి. టీవీలో అంత పెద్దగా కనిపించిన సూర్యుడు మీ ఫోన్లో చింతగింజంత వస్తాడు, దానికి కంగారు పడకండి, వాళ్ళు దూరం నుంచి పెద్ద లెన్స్ వేసి తీస్తారు, ఆ లెన్స్ వెనకున్నదాన్ని ముందుకు లాగి పెద్దది చేస్తుంది. మీరూ మీ ఫోన్లో జూమ్ పెట్టి, ఫోటో దిగేవాళ్ళని బాగా దూరంగా, ఓ యాభై అడుగులు అవతల కూర్చోబెట్టి తీయండి. ముగ్గురూ ఫ్రేమ్‌లో ఉండాలంటే నాలుగోవాడు కావాలి, పైన సీతమ్మధార కుర్రాళ్ళ దగ్గర సీరియల్ చూడనివాడు ఒకడున్నాడు, అడిగి చూడండి.